సోమవారం గహ్వా

నవంబరు 4, 2006, శనివారం

కురియన్ గారు జనవరి నెలాఖరున వీసా కేన్సిల్ చేసుకుని కొట్టాయం వెళ్ళిపోతున్నట్లు ఈరోజు అందరి ముందూ ప్రకటించారు. కొనుగోళ్ళ విభాగంలో ఆయన తర్వాతి మనిషిని నేను. కువైట్‌లో షర్క్ పేటలోని చేపల మార్కెట్టులో నడివేసవిలో కూడా ఐసు యంత్రాలు ఆగకుండా తిరుగుతున్నాయంటే, వాటి విడిభాగాలు వేళకు తెప్పించినవాడు భీమేశ్వరరావు అని ఆ మార్కెట్టు మొత్తానికి తెలియాలి. ఊళ్ళో పగలు రైసుమిల్లులో గుమాస్తాగిరీ చేస్తూ, సాయంత్రం కళాశాలలో బి.కాం. చదివినవాడిని. ఎవరి సిఫారసుతోనూ ఇంతవరకు రాలేదు. ఆ కుర్చీ సహజంగా నాది కావలసినది.

ఇదే రోజున విజయవాడ నుండి మా విభాగంలోకి ఒక కుర్రవాడు దిగడం కాకతాళీయమని నేను అనుకోను. పేరు సూర్యకిరణ్. ఎం.బి.ఏ. వయసు ఇరవై ఆరు. అబ్బాసియాలో నేనుంటున్న ఫ్లాటులో ఖాళీగా ఉన్న గదిని అతనికి ఇచ్చారు. “నీ భాషవాడే కదా, నాలుగు పనులు నేర్పించు” అన్నారు కురియన్ గారు. నేర్పించు అన్న మాట గుర్తుపెట్టుకోదగినది.

నన్ను అంకుల్ అని పిలిచాడు. ఆఫీసులో గానీ ఇంట్లో గానీ భీమేశ్వరరావు గారు అని పిలవడం పద్ధతి అని చెప్పాను.

“అలాగే అంకుల్” అన్నాడు.

నవంబరు 5

సప్లయర్ల ఫోను నంబర్లు అడిగాడు. రెండు ఇచ్చాను. ముఖ్యమైనవి కావు.

నవంబరు 6, సోమవారం

సాయంత్రం మా యజమాని అబూ ఖాలిద్ గారి కారు వచ్చి మా వీధిలో ఆగింది. డ్రైవరు అన్వర్ బాషా రాయచోటి మనిషి. నాకంటే ముందునుంచీ ఇక్కడ ఉన్నాడు. కుర్రవాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉన్నాడు. సబా అల్ సలేంలో అబూ ఖాలిద్ ఇంటి పక్కనే ఆయన దివానియా ఉంది. సోమవారం సోమవారం మగవాళ్ళు చేరి కబుర్లాడుకునే పెద్ద హాలు అది. కంపెనీ గిరాకీలు, ఆయన బంధువులు, కురియన్ గారు వెళుతుంటారు.

“మీరూ రండి అంకుల్. ఇద్దర్నీ రమ్మన్నారంట.”

“ఎవరు అన్నారు?”

“అన్వర్ భాయ్ చెప్పాడండీ.”

పిలుపు నాకు రావలసిన దారి అది కాదు. వచ్చి మూడు రోజులు కాని కుర్రవాడి నోటిమీదుగా, అదీ “అంట” అన్న మాటతో రావడంలో అర్థమేమిటో ఆలోచించగలవాడికి తెలుస్తుంది. గతంలోనూ ఒకటి రెండుసార్లు ఇలాంటి కబుర్లు వచ్చాయి. పనివేళ దాటాక యజమాని గడప తొక్కేవాడు నౌకరు, ఉద్యోగి కాడు. వెళ్ళలేదు.

నవంబరు 7

పొద్దున కుర్రవాడే చెప్పాడు. గహ్వా అని అరబ్బు కాఫీ పోస్తారట. గుక్కెడు కూడా పట్టని చిన్న కప్పు, దాన్ని ఫింజాన్ అంటారట.

“ఖాళీ అవ్వగానే మళ్ళీ పోసేస్తున్నాడండీ ఆ పోసేవాడు. చాలు అన్నాను, థాంక్యూ అన్నాను. నవ్వి మళ్ళీ పోశాడు. దాన్ని ఎలా ఆపాలి అంకుల్? మీరు ఇన్నేళ్ళ నుంచి ఉన్నారు కదా.”

“యజమాని ఇంట పోసినదాన్ని వద్దనడం అమర్యాద. పోసినంతవరకు పుచ్చుకోవాలి” అని చెప్పాను. ఈ దేశపు మర్యాదలు నాకు తెలియనివి కావు.

అతడు నమ్మి తల ఊపాడు. తర్వాత చాలాసేపు నేను ఆలోచించినది వేరు. యజమాని కనుసైగ లేకుండా పోసేవాడు అన్నిసార్లు పోస్తాడా? మొదటిరోజునే ఒకడికి అంత ఆదరణ ఎందుకు?

నవంబరు 14, మంగళవారం

నిన్న మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ “మీరూ రండి” అన్నాడు. ఎవరూ కాదనలేని రీతిలో ఆహ్వానించి, నేను రాలేదన్న సంగతిని అక్కడ చెప్పుకోవడానికని నా అనుమానం.

తెల్లవారేదాకా అతని గది తలుపు కింద వెలుగు కనిపిస్తూనే ఉంది. నడుస్తున్న చప్పుడు కూడా. ఇవాళ ఆఫీసులో కంప్రెసర్ తాలూకు కాగితం నా చేతికి ఇస్తుంటే అతని వేళ్ళు వణికాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తప్పు చేసే మనిషికి తప్ప ఇవి ఎవరికి ఉంటాయి?

నవంబరు 17, శుక్రవారం

జ్యోతిలక్ష్మితో ఫోనులో మాట్లాడాను. జరుగుతున్నది వివరంగా చెప్పాను. అంతా విని నా భార్య అన్న మాట ఇది.

“ఏవండీ, ఆ కుర్రోడు మీకేం జేసేడండి? కాఫీ తాగేడు, నిద్దరట్టలేదు. అంతేగదండి.”

“నీకు ఇక్కడి రాజకీయాలు తెలియవు.”

“తెలవదండి. మీకు తెలుసుగదా, మీరూ వోసారి ఎళ్ళి కూకుని రండి. పిలిచినోళ్ళింటికి ఎళ్తే తప్పేవుందండి? ఆయ్, మీరెళ్ళరు. మా తమ్ముడి గృహప్రవేశానికీ కార్డు చేతికియ్యలేదని ఎళ్ళలేదు మీరు.”

ఆ విషయానికీ దీనికీ సంబంధం లేదు. కార్డు పోస్టులో పంపించారు. ఇంటికి వచ్చి పిలవవలసిన బంధుత్వం అది.

నవంబరు 21, మంగళవారం

ఒక ముఖ్యమైన విషయం బయటపడింది.

నిన్న అతడు దివానియా నుండి తిరిగి వచ్చినప్పుడు తలుపు నేనే తీశాను. దగ్గరగా నిలబడి ఏదో చెబుతుంటే నోటి నుండి ఏలకుల వాసన కొట్టింది. ఘాటుగా. ఇవాళ మళ్ళీ ఎర్రకళ్ళు, చేతుల వణుకు, పదింటికే తలనొప్పి అని మాత్ర.

మా రైసుమిల్లులో సాయంత్రం అయ్యేసరికి ఏలకులు నమిలేవాళ్ళు ఇద్దరు ఉండేవారు. ఎందుకు నమిలేవారో మిల్లులో అందరికీ తెలుసు. ఈ దేశంలో మద్యం నిషేధం. అయినా ఇళ్ళలో కాచేవాళ్ళున్నారని అబ్బాసియాలో ఎవరిని అడిగినా చెబుతారు. సోమవారం దివానియా అని చెప్పి మధ్యలో ఎక్కడ దిగుతున్నాడో, అన్వర్ బాషా ఎక్కడ దింపుతున్నాడో నేను చూశానా?

మూడు గుర్తులు ఒకేచోట కనిపిస్తే నాలుగోది వెతకనక్కరలేదు.

నవంబరు 22

కురియన్ గారి గదికి వెళ్ళాను. నేను ఆరోపణ చేయలేదు. గమనించిన విషయాలను వరుసగా విన్నవించాను. రేపు ఏదైనా జరిగితే, ఒకే ఇంట్లో ఉంటూ నువ్వెందుకు చెప్పలేదని నన్ను అడుగుతారు. బాధ్యతగల ఉద్యోగి ఇంతకన్నా వేరే చేయలేడు.

ఆయన కలం కింద పెట్టేశారు.

“నువ్వు కళ్ళారా చూశావా భీమేశ్వర్?”

“లక్షణాలు చూశాను.”

“ఈ మాట యజమాని చెవిన పడితే ఆ కుర్రాడి చేతిలో రేపే విమానం టికెట్టు ఉంటుంది. మళ్ళీ ఈ దేశంలోకి రానివ్వరు. బాగా ఆలోచించే చెబుతున్నావా?”

“నాకు అతనితో వ్యక్తిగత విరోధం లేదు” అన్నాను.

నవంబరు 23

హాయిగా నిద్ర పట్టింది.

నవంబరు 24

నిన్నటి వాక్యం సరైనది కాదు.

వంటకు ఈరోజు వంతు అతనిది. వంకాయ కూర నాకు ఇష్టమని జ్యోతిలక్ష్మి ఫోనులో చెప్పిందట. ఆమె నంబరు అతనికి ఎలా దొరికింది? అడిగితే, “మీరు స్నానానికి వెళ్ళినప్పుడు ఫోనొస్తే నేనే ఎత్తానండీ. ఆంటీ చాలా సరదాగా మాట్లాడతారు” అన్నాడు. కూర బాగుంది. అది వేరే సంగతి.

నవంబరు 28, మంగళవారం

నిన్న కుర్రవాడు దివానియాకు వెళ్ళలేదు. కారు రాలేదు. నాకు ఇది మంచి సూచనగా కనిపించవలసింది.

ఈరోజు మధ్యాహ్నం మార్కెట్టు దగ్గర అన్వర్ బాషా కారు తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ పిండి దులిపాడు.

“ఏందన్నా, ఆ పిల్లోడి మీద ఎవురో సాడీ సెప్పినారంటనే. తాగుతాడని.”

“ఎవరు చెప్పారట?”

“నాకేం తెల్సు? బండి తోలేటోన్ని. అద్దంలో మొగాలు సూస్తాంటా, అంతే.” కాసేపు అద్దమే తుడిచాడు. “వచ్చే సోమారం తేలుస్తాడంట అబూ ఖాలిద్. తప్పు నిజమైతే ఖలాస్, పిల్లోడు బిమానం ఎక్కల్సిందే. నిన్నూ రమ్మన్నాడు.”

“నన్ను ఎందుకు?”

“నిన్ను ఎప్పుడు రమ్మనలేదన్నా ఆయప్ప? ప్రెతి సోమారమూ అడగతాండాడు, భీమ్ రాల్యా అని. కురియన్ సారు కుర్సీలో కూకునేటోడు గిరాకీలతో ఆడ కూకోవద్దా? యాపారమంతా ఆడనే గదా. నువ్వు గోడెనకాల నిలబడుకోని, నేను కనపడల్యా నేను కనపడల్యా అంటే ఎట్లా కనపడతావు సామీ?”

ఒక డ్రైవరు ఇంత స్వేచ్ఛగా మాట్లాడటం వెనుక ఎవరో ఉండాలి. కుర్రవాడు, ఇతడు కలిసి నన్ను అక్కడికి రప్పించి, పదిమంది ఎదుట కుర్చీ అతనికి ఇచ్చినట్లు ప్రకటింపజేసి అవమానించే ఏర్పాటు కావచ్చు.

అయినా వెళతాను. ఒక్క వాక్యం ఇంగ్లీషులో సిద్ధం చేసుకున్నాను. తాత్పర్యం: పద్నాలుగేళ్ళు పనిచేసిన నాపైన నిన్న వచ్చిన మనిషిని కూర్చోబెట్టేటట్లయితే నా వీసా ఇప్పుడే కేన్సిల్ చేయండి. గౌరవంగా వెళ్ళిపోతాను.

డిసెంబరు 1

వాక్యంలో ఒక మాట మార్చాను.

డిసెంబరు 3

కుర్రవాడు సామాను సర్దుకుంటున్నాడు. అడగలేదు. పెట్టెలో చొక్కాలు మడిచి పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాడు. “నేనేం చేశానో నాకే తెలియట్లేదండీ” అన్నాడు, నాతో కాదు, పెట్టెతో.

డిసెంబరు 5, మంగళవారం

నిన్న జరిగినది జరిగినట్లు రాయాలి. నిద్ర ఎలాగూ లేదు.

టై కట్టుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట చూసేవరకు బూట్లు విప్పాలన్న ఆలోచనే రాలేదు. లోపల మూడు గోడల వెంబడీ సోఫాలు. టై కట్టినవాడిని నేనొక్కడినే. ఎక్కడ కూర్చోవాలో తెలియక తలుపు పక్కన నిలబడ్డాను. అబూ ఖాలిద్ తన కుర్చీ నుండి లేచారు. ఆయన లేచేసరికి మిగతా వాళ్ళూ లేచారు. నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని అరబీలో, కొంత ఇంగ్లీషులో అక్కడున్నవారికి చెప్పారు: “ఈయన భీమ్. మీ చేపలు కుళ్ళకుండా చూసేవాడు.” ఇద్దరు ముగ్గురు నవ్వి చేయి గుండెకు ఆనించుకున్నారు. ఒకాయన, “ఫోనులో గొంతు విన్నాను, మనిషిని ఇప్పుడు చూస్తున్నా” అన్నాడు. పద్నాలుగేళ్ళుగా నాతో బేరమాడుతున్న మనిషి ఆయన.

కుర్రవాడు ఎదురుగోడ వద్ద కూర్చున్నాడు. కురియన్ గారు అతని పక్కన.

పోసేవాడు వచ్చాడు. ఎడమచేతిలో కూజా, కుడిచేతిలో కప్పుల దొంతర. నాకు ఒక కప్పు ఇచ్చాడు. పెదవుల దాకా తెచ్చానో లేదో, ఆ వాసన.

ఏలకులు.

గహ్వా అంటే ఏలకుల కషాయమే. కాఫీ పొడితో సమానంగా ఏలకులు వేసి కాస్తారు. కుర్రవాడి నోటి నుండి వచ్చిన వాసన ఇదే. ఇదే, మరేదీ కాదు.

తాగాను. పోశాడు. తాగాను. పోశాడు. నా వాక్యం మొదలుపెట్టాలని గొంతు సవరించిన ప్రతిసారీ కప్పు నిండి ఉండేది. పోసినదాన్ని వద్దనకూడదని చెప్పినవాడిని నేనే కదా. ఎన్ని తాగానో తెలియదు. గుండె చొక్కాలోంచి కనిపించేటట్లు కొట్టుకుంటోంది. కప్పు పట్టుకున్న వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. ఆ వణుకును నేను ఎరుగుదును. కంప్రెసర్ కాగితం మీద చూశాను.

తల ఎత్తితే కుర్రవాడు నావైపే చూస్తున్నాడు. పోసేవాడు అతని ముందుకు రాగానే ఖాళీ కప్పును రెండు వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. నెమ్మదిగా, నాకు కనిపించేటట్లు. పోసేవాడు కప్పు అందుకుని వెళ్ళిపోయాడు. అంతే. దానికి అంతే చేయాలి.

నా వంతు వచ్చింది. ఊపాను. పోసేవాడు తల పంకించి కప్పు తీసుకున్నాడు.

అతిథులు పలచబడ్డారు. అబూ ఖాలిద్ నావైపు తిరిగారు.

“భీమ్, ఈ కుర్రవాడు తాగుతాడని నాకు చెప్పారు. నువ్వు అతనితో ఒకే ఇంట్లో ఉంటున్నావు. నువ్వు ఏది చెబితే అది నమ్ముతాను. అతని ముందే అడుగుతున్నాను. వెనక మాట నాకు ఇష్టం ఉండదు.”

కురియన్ గారు తివాచీ వైపు చూస్తున్నారు. కుర్రవాడు నావైపు చూస్తున్నాడు. నాకు కావలసిన కుర్చీ ఒక్క తల ఊపు దూరంలో ఉంది. తెలియదు అన్నా చాలు. సిద్ధం చేసుకున్న వాక్యంలో ఒక్క ముక్క కూడా గుర్తుకు రాలేదు.

“తాగుతాడు” అన్నాను. “ఇక్కడే. మీ ఇంట్లో. ఈ గహ్వా. ఎలా ఆపాలని నన్ను అడిగాడు. వద్దనకూడదని నేను చెప్పాను. కప్పు ఊపాలని నాకు తెలియదు. ఆ వణుకు, నిద్ర లేకపోవడం, ఆ వాసన, అన్నీ నేను చెప్పిన మాట వల్ల వచ్చినవే.”

మిగిలిన నలుగురూ నవ్వారు. ఒకాయన తొడ చరుచుకుని పక్కవాడికి అరబీలో మళ్ళీ చెప్పి నవ్వాడు. ఈ నవ్వుకు భయపడే నేను పద్నాలుగేళ్ళు ఈ గడప తొక్కలేదు.

అబూ ఖాలిద్ నవ్వలేదు.

“నువ్వు కువైట్ వచ్చి ఎన్నాళ్ళు?”

“పద్నాలుగేళ్ళు.”

“అన్ని రోజులూ నా దగ్గరే.”

“అవును.”

“ఐబ్” అన్నారు ఆయన. సిగ్గుచేటు అని. నన్ను అంటున్నారనుకుని తల దించుకున్నాను. ఆయన చేయి తన ఎదమీద ఉంది. “పద్నాలుగేళ్ళు నా మనిషివై ఉండి నా ఇంట కాఫీ ఎలా తాగాలో తెలియలేదంటే, ఐబ్ నాది.”

డిసెంబరు 9

కురియన్ గారు పిలిచి చెప్పారు. ఫిబ్రవరి నుండి ఆ కుర్చీలో నేను కూర్చుంటాను. సోమవారాలు తప్పకూడదన్నది షరతు. కుర్రవాడు నా విభాగంలోనే ఉంటాడు.

జ్యోతిలక్ష్మికి చెప్పాను. “చూసేరా అండి, ఎళ్తేనే గదండి” అంది. ఇంకేమీ చెప్పలేదు ఆమెకు.

డిసెంబరు 12

నిన్న ఇద్దరమూ ఒకే కారులో వెళ్ళాము. టై కట్టుకోలేదు.

ఒక సందేహం. చాడీ ఎవరిదో అతనికి తెలుసా? కురియన్ గారు వెళ్ళేలోపు చెబుతారా? అన్వర్ బాషా అద్దంలో నా ముఖం ఎందుకు అంతసేపు చూశాడు? కుర్రవాడు పొద్దున టీ ఇస్తూ నవ్వాడు. మామూలుగా నవ్వాడా, తెలిసి నవ్వాడా? ముఖం చూసి చెప్పడం కష్టంగా ఉంది.

నేనే చెప్పడం ఉత్తమం. సోమవారం చెబుతాను.

డిసెంబరు 18, సోమవారం

కారులో అన్వర్ బాషా ఉన్నాడు. వీలు పడలేదు.

డిసెంబరు 20

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది.

డిసెంబరు 22, శుక్రవారం

బయట వాన. ఈ ఊళ్ళో వాన పడితే అబ్బాసియా సందులు మోకాలి లోతు నీళ్ళు. ఎక్కడికీ వెళ్ళే వీలు లేదు, వంటింట్లో ఇద్దరమే. అతడు టీ కాస్తున్నాడు.

“కురియన్ గారికి నీ గురించి చెప్పినవాడిని నేను” అన్నాను. ఇంత చిన్న వాక్యం.

అతడు స్టవ్ మంట తగ్గించాడు.

“తెలుసండీ.”

“కురియన్ గారు చెప్పారా?”

“కాదండీ. ఆయన మీ పేరు అబూ ఖాలిద్ గారికి కార్లోనే చెప్పేశారంట. అన్వర్ భాయ్ విన్నాడు. నాకు ఆరోజే చెప్పాడు.”

“ఆరోజు అంటే?”

“మీరు దివానియాకి రాకముందేనండీ. నేను పెట్టె సర్దుకున్నది అందుకే కదా.”

అంటే అబూ ఖాలిద్ తెలిసే నన్ను అడిగారు. కురియన్ గారు తెలిసే తివాచీ చూశారు. ఎవరికీ తెలియదని నేను అనుకున్నది ఆ హాలులో వీళ్ళందరికీ తెలుసు. తెలిసి, ఇతడు ఎదురుగోడ దగ్గర కూర్చుని, నా చేతులు వణకడం చూసి, కప్పు ఊపి చూపించాడు.

“ఎందుకు చూపించావు?” అని అడిగాను.

“అప్పుడు మీకు ఊపిరాడట్లేదు అంకుల్” అన్నాడు. ఎందుకు అడిగానో అర్థం కానట్లు నావైపు చూశాడు.

టీ వడకట్టి గ్లాసులో పోసి ఇచ్చాడు. తాగాను. ఖాళీ గ్లాసును ఊపకుండా అతని ముందు పెట్టాను. గిన్నె వంచి, మిగిలినదాంట్లో సగం నాకు పోశాడు.